వాహనాల పంటుకు కొత్త రేవు: కాంక్రీటు వాలా, తేలే రేవా, ఎత్తే వంతెనా?

ఏళ్లనాటి రేవు దెబ్బతింది, కొత్తది కట్టాలి అనగానే ముందుగా వచ్చే ప్రశ్న దాదాపు అన్నిచోట్లా ఒకటే: రోజుకు ఎన్ని బళ్లు దాటుతున్నాయి? నా లెక్కలో అది మూడో ప్రశ్న. ఆ చోట నది ఏడాదిలో ఎంత లేచి ఎంత దిగుతుందన్నది మొదటిది. ఒడ్డు ఉన్నచోటే ఉంటుందా, కోతకు కరుగుతూ వెనక్కి జరుగుతుందా అన్నది రెండోది. ఈ రెండూ తేలకుండా బళ్ల లెక్కతో మొదలైన రేవులు చూడ్డానికి వెడల్పుగా, దిట్టంగా ఉంటాయి. నీరు తగ్గిన నెలల్లో మాత్రం పంటు, అంటే బళ్లను నది దాటించే చదును పడవ, వాటి దరికి చేరదు.

అసలు పాతబడిందేమిటో కూడా ముందే తేల్చుకోవాలి. రేవు పైన పగుళ్లు అందరికీ కనబడతాయి, ఫొటోలూ వాటికే తీస్తారు. రేవును చంపేది మాత్రం నీటి కింద ఉన్న పాదం. పంటును వెనక్కి తీసేటప్పుడు ప్రొపెల్లరు చిమ్మే నీటిధార పాదం కింది మట్టిని తోడేస్తుంది. పైన పలక నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది, కింద డొల్ల. ఈతగాళ్లను దింపి తడిమించి, చుట్టూ లోతులు కొలిపించి, ఇనుప భాగాలుంటే రేకు మందం మీటరుతో చూపించాకే ‘మార్చాలి’ అన్న మాట అనాలి. పాదం ఒక్కటే పోయిందని తేలితే, రాళ్లు నింపిన వలబుట్టలతో దాన్ని కప్పి ఇంకొన్నేళ్లు లాక్కురావచ్చు. కొత్త రేవు మోజులో ఈ చవక దారిని కొట్టేయడం తరచూ జరిగేదే.

ముందు నది లెక్క

నీటిమట్టం ఎంత మారగలదో తెలియాలంటే బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర రియో నెగ్రోను చూడాలి. అక్కడి కొలబద్ద మీద 2021 జూన్‌లో నది 30.02 మీటర్లకు లేచింది. 2023 అక్టోబరులో 12.70 మీటర్లకు దిగింది. మధ్య తేడా 17 మీటర్లు దాటింది. ఆ ఊరి ఓడరేవులో 20వ శతాబ్దం తొలినాళ్లలోనే తేలే రేవు వెలిసిందంటే గత్యంతరం లేకే. లండన్‌లో వూలిచ్ దగ్గర థేమ్స్ తేడా ఇందులో సగం కూడా ఉండదు గానీ, పోటుపాట్ల వల్ల అక్కడ నీరు రోజుకు రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతుంది. తేడా ఎంత అన్నదాంతో పాటు అది ఎంత వేగంగా వస్తుందన్నదీ లెక్కే. నెలల మీద మారే నీటికి మనుషులు వెళ్లి రేవును సర్దవచ్చు. గంటల మీద మారే నీటికి రేవు తనంతట తానే సర్దుకోవాలి.

ఇక్కడే డబ్బు మిగిల్చే కిటుకు ఒకటి ఉంది. రికార్డుల్లో ఉన్న అతి ఎక్కువ, అతి తక్కువ మట్టాలను పట్టుకుని ఆ మొత్తం తేడాకూ రేవు పనిచేయాలని డిజైన్ చేయించకండి. ఉధృతమైన వరద రోజుల్లో సరంగు ఎలాగూ పంటు తీయడు, తీయకూడదు. దొరికినన్ని ఏళ్ల రోజువారీ మట్టాలు ముందేసుకుని, పంటు నడవని రోజులను పైనుంచీ కిందనుంచీ కోసేయండి. మిగిలిందే రేవు పనిచేయాల్సిన పరిధి. కోసేసిన రోజుల్లో రేవు కొట్టుకుపోకుండా నిలబడితే చాలు, సేవ చేయనక్కర్లేదు. ఎనిమిది మీటర్ల తేడా ఇలా ఆరు మీటర్లకు తగ్గిందనుకోండి, 10కి 1 వాలులో (పది మీటర్ల పొడవుకు ఒక మీటరు దిగేది) 20 మీటర్ల పొడవు మిగిలినట్టే.

ఒడ్డు కదలిక సంగతి ఇంతకంటే మొండిది. పద్మ (బంగ్లాదేశ్‌లో గంగ పేరు), బ్రహ్మపుత్ర లాంటి ఒండ్రు నదుల్లో పాయ ఒక్క వరదకే చోటు మారుతుంది. నిన్నటిదాకా లోతుగా ఉన్నచోట ఇసుకమేట పడుతుంది. అలాంటి చోట శాశ్వతమైన కట్టడం ఏదైనా, అది ఎంత గట్టిదైతే అంత వృథా.

కాంక్రీటు వాలు

ఒడ్డు నిలకడగా ఉండి, పనిచేయాల్సిన పరిధి ఐదారు మీటర్లు మించకపోతే నా ఓటు దీనికే. కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటుతో పనిలేదు, మునిగిపోతుందన్న బెంగ లేదు. పంటు వచ్చి ముందు తలుపు వాల్చితే బళ్లు నేరుగా ఎక్కుతాయి.

చిక్కంతా వాలులోనే ఉంది. లారీ చదునైన వాలు కోరుతుంది, పంటు నిటారు వాలు కోరుతుంది. పంటు ముక్కు దగ్గర 0.8 మీటర్ల నీరు కావాలనుకుందాం. 8కి 1 వాలు మీద నీటి అంచుకు 6.4 మీటర్ల దూరంలో ఆ లోతు దొరుకుతుంది. 15కి 1 వాలైతే 12 మీటర్లు పోవాలి. ఆ దూరాన్ని పంటు తలుపు అందుకోవాలి, లేదంటే బళ్లు నీళ్లలో దిగాలి. అలాగని నిటారుగా కడితే, తడిసి పాచి పట్టిన కాంక్రీటు మీద నిండు లోడు టిప్పరు చక్రాలు జారతాయి. అందుకే 8కి 1, 10కి 1 మధ్య ఎక్కడో రాజీ కుదుర్చుకుంటారు. పొడవాటి ట్రైలర్లు దాటే రేవైతే ఇంకో తంటా: వాలు రోడ్డుతో కలిసేచోట, తలుపుతో కలిసేచోట బండి పొట్ట నేలకు ఆనుతుంది. ఆ రెండు మలుపులనూ గుండ్రంగా తిప్పమని డ్రాయింగులోనే రాయించాలి. కట్టాక సరిచేయడం కుదరని పని.

కట్టే పద్ధతిలో నా పట్టుదల రెండు విషయాల మీద. నీటి కింది భాగానికి అక్కడికక్కడ పోసిన కాంక్రీటు కంటే, ఒడ్డున పోసి ఆరబెట్టిన పలకలను రాతి పరుపు మీద పేర్చి ఒకదానికొకటి కట్టేయడం మేలు. అడుగు కాస్త కుంగినా పలకలు దానితోపాటు సర్దుకుంటాయి, ఒక్క ముక్కగా పోసింది విరుగుతుంది. రెండోది, కాంక్రీటు పచ్చిగా ఉండగానే నీరు పక్కకు జారేలా ఏటవాలుగా చాళ్లు గీయించాలి. నున్నగా తాపీ పట్టిన రేవు ఫొటోకే బాగుంటుంది.

రద్దీ పెరిగింది కాబట్టి వాలు రేవు చాలదు అనేవాళ్లకు ఇంగ్లండ్‌లోని టార్‌పాయింట్ మంచి జవాబు. టేమర్ నది ముఖద్వారంలో 1830ల నుంచీ గొలుసు పట్టుకుని నడిచే ఫెర్రీలు అక్కడ ఉన్నాయి. ఇప్పుడు తిరిగే మూడింట్లో ఒక్కొక్కటి 73 కార్లు మోస్తుంది. పోటుపాట్లున్న ఆ నీటిలో అవి దిగేది వాలు రేవుల మీదనే. ఫెర్రీ కొసన ఉన్న పొడవాటి తలుపులే తేడాను సర్దుకుంటాయి. అంటే కదిలే భాగాన్ని ఒడ్డు మీద కాకుండా పంటు మీద పెట్టారన్నమాట. కదిలే భాగాలన్నీ పంటుతో పాటే మరమ్మతుకు వెళతాయి కాబట్టి, వీలైనచోటల్లా నాకు ఇదే నచ్చుతుంది.

వరద తీశాక వాలు మీద మిగిలే మేటను మాత్రం చిన్నచూపు చూడొద్దు. తడిగా ఉన్నప్పుడే పంపుతో నీళ్లు కొట్టి దించేస్తే ఒక్కపూట పని. ఎండి గట్టిపడితే యంత్రం రావాలి.

తేలే రేవు, కీలు వంతెన

ఇనుప పాంటూన్, అంటే తేలే పెద్ద డొల్ల పెట్టె, నీటితో పాటు లేచి దిగుతుంది, ఒడ్డుకూ దానికీ మధ్య కీలు మీద వంగే వంతెన ఉంటుంది. నీరు ఏ మట్టంలో ఉన్నా పంటుకూ రేవుకూ మధ్య ఎత్తు తేడా ఒకేలా ఉంటుంది, కాబట్టి ఎక్కించడం దించడం వేగంగా సాగుతుంది. బ్రోచర్లలో ఇదే అందంగా కనబడుతుంది. అందుకే దీని లోపాల మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది వంతెన పొడవు. నీరు ఆరు మీటర్లు దిగితే, 10కి 1 వాలు నిలవాలంటే వంతెన 60 మీటర్లు ఉండాలి. అది చిన్న వంతెన కాదు. దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో ఎత్తు మార్చే ఆధారం పెట్టవచ్చు గానీ, మట్టం మారినప్పుడల్లా ఆ ఆధారాన్ని సర్దే మనిషి కావాలి. ఆ మనిషి ఉద్యోగం కొన్నేళ్లకు రద్దయితే రేవు కూడా రద్దయినట్టే. మరో దారి, పైకీలును కొంచెం కిందికి దించి, ఏడాదిలో కొద్దిరోజులు అప్రోచ్ రోడ్డు మునగనివ్వడం. ఎటూ వరదలో పంటు ఆగే చోట్ల ఇది తెలివైన పొదుపు.

రెండోది పాంటూన్ నిలకడ. 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న పాంటూన్ మధ్యలో 30 టన్నుల లారీ నిలబడితే అది మునిగేది 10 సెంటీమీటర్లే. అదే లారీ పొడవాటి అంచుకు మీటరు దూరంలో ఉన్నప్పుడు, ఒరుగు కూడా కలిసి ఆ అంచు మూడింతలకు పైగా దిగుతుంది. బండి వంతెన దిగి పాంటూన్ మీద అడుగుపెట్టే క్షణం సరిగ్గా ఇదే. వంతెన కొసన పెట్టే చిన్న ఇనుప రేకు ఈ ఊపును భరించాలి. తేలే రేవుల్లో ముందుగా పాడయ్యేది ఆ రేకూ, దాని కీళ్లూ. కాబట్టి కొటేషను చూసేటప్పుడు మధ్య లోడు లెక్క కాదు, అంచు లోడు లెక్క అడగండి. పాంటూన్ లోపల నీరు చొరని గదులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏ ఒక్కటి నిండినా తేలుతుందో లేదో కూడా కాగితం మీద రావాలి.

మూడోది లంగరు. పాంటూన్‌ను పట్టి ఉంచేది నది అడుగులో నిలువునా పాతిన స్తంభాలు, అంటే గైడ్ పైళ్లయినా కావచ్చు, నాలుగు వైపులా వేసిన లంగర్లు, గొలుసులైనా కావచ్చు. పైళ్లు గట్టివి, కానీ చోటు మారలేవు. లంగర్లు చోటు మారతాయి, కానీ ఎప్పటికప్పుడు బిగించాలి, వదలాలి. రెండింటికీ ఉమ్మడి శత్రువు వరదలో కొట్టుకొచ్చే చెట్లూ తుక్కూ. అవి ఎగువ వైపు పోగుపడితే ప్రవాహం నెట్టే బలం డిజైన్‌లో వేసుకున్న దాన్ని దాటిపోతుంది. ఎగువన తుక్కును పక్కకు నెట్టే అడ్డుకట్టు లేని పాంటూన్ డిజైన్‌ను నేనైతే వెనక్కి పంపుతాను.

నాలుగోది మరమ్మతు. కాంక్రీటు వాలు అశ్రద్ధను కొన్నేళ్లు ఓర్చుకుంటుంది. పాంటూన్ ఓర్చుకోదు. కొన్నేళ్లకోసారి దాన్ని నీటిలోంచి తీసి అడుగు రేకు మందం చూడాలి, రంగు వేయాలి. అందుకు దగ్గర్లో డాక్‌యార్డు ఉందా? ఆ రోజుల్లో బదులు పాంటూన్ ఎక్కడిది? ఈ రెంటికీ జవాబు లేకపోతే తేలే రేవు కొనుక్కోకండి. నీరు బాగా తగ్గినప్పుడు పాంటూన్ అడుగు సమంగా లేని నేల మీద కూర్చుంటే మెలిపడి అతుకులు పగులుతాయి. అందుకని అతి తక్కువ మట్టంలోనూ దాని కింద నీరుండే చోటే ఎంచుకోవాలి.

ఇన్ని చెప్పినా, కదిలే ఒడ్డుకు తేలే రేవును మించింది లేదు. బంగ్లాదేశ్‌లో పాటూరియా, దౌలత్‌దియా మధ్య పద్మ మీద పెద్ద పెద్ద ఫెర్రీలు ఆగేది పాంటూన్ల దగ్గరే. నీరు పెరిగినప్పుడు, తగ్గినప్పుడు పాంటూన్లను వేర్వేరు చోట్లకు జరుపుతారు. దౌలత్‌దియా వైపు ఒడ్డు కోతకు పోయినప్పుడల్లా రేవు చోటు మారుతుంది, పాంటూన్ మాత్రం మిగులుతుంది. ప్రతిసారీ కొత్తగా వేయాల్సింది అప్రోచ్ రోడ్డే. శాశ్వతంగా కట్టేది తక్కువ, మోసుకుపోయేది ఎక్కువ అన్న ఈ పద్ధతే అలాంటి నదులకు సరైనది.

యంత్రంతో ఎత్తే వంతెన

పాంటూన్ లేకుండా, వంతెన కొసను హైడ్రాలిక్ సిలిండర్లతోనో తీగల మీద బరువులతోనో ఎత్తి దించే రకం ఇది. పోటుపాట్లు త్వరత్వరగా మారేచోట, ఒడ్డు గట్టిగా ఉండి, కరెంటూ మెకానిక్కులూ అందుబాటులో ఉన్నచోట బాగా నడుస్తుంది. ఆ మూడింట్లో ఒకటి తక్కువైనా దీని జోలికి పోవద్దు.

1889 నుంచి ఉచితంగా నడుస్తున్న వూలిచ్ ఫెర్రీ అనుభవం చదవదగింది. 2018 అక్టోబరులో సర్వీసు ఆపి, రేవులు బాగుచేసి, 2019 ఫిబ్రవరిలో రెండు కొత్త ఫెర్రీలతో మళ్లీ మొదలుపెట్టారు. తాళ్లతో పనిలేకుండా ఫెర్రీని రేవుకు పట్టి ఉంచే ఆటోమేటిక్ ఏర్పాటు కూడా కొత్తగా వచ్చింది. తొలి ఏళ్లలో సర్వీసు మాటిమాటికీ ఆగడానికి ఆ ఏర్పాటు కూడా ఓ కారణమైంది. డబ్బుకూ ఇంజనీర్లకూ కొదవలేని నగరంలోనే అలా అయితే, మారుమూల రేవులో సెన్సర్ పాడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కొత్త యంత్రం పెట్టినా, చేత్తో మోకు వేసి కట్టేసే దిమ్మెలు పక్కనే ఉండాలి, కళాసీలకు ఆ పని మరపుకు రాకూడదు.

గులకరాళ్ల రేవు

దీన్ని ఎవరూ టెండరులో పెట్టరు, పరువు తక్కువ అనుకుంటారు. కెనడాలోని డాసన్ సిటీ దగ్గర యూకాన్ నదిని వాహనాలతో దాటించే ఫెర్రీకి రెండు ఒడ్ల మీదా గులకరాళ్ల వాలే. నీరు మారినప్పుడు బుల్‌డోజర్‌తో నెట్టి సర్దుతారు. శీతకాలంలో నది గడ్డకట్టాక ఫెర్రీయే ఉండదు. నెమ్మదిగా మారే నది, మోస్తరు రద్దీ, దగ్గర్లో ఒక యంత్రం ఉంటే ఇది పూర్తిగా గౌరవప్రదమైన ఎంపిక. శాశ్వత రేవుకు డబ్బు వచ్చేదాకా కాలక్షేపానికైతే ఇంతకంటే మంచిది దొరకదు.

వంతెన వస్తుందన్న మాట ఉంటే

పాటూరియాకు దిగువన, మావా దగ్గర కట్టిన పద్మ వంతెనకు 2001లో శంకుస్థాపన జరిగింది. అది బళ్లకు తెరుచుకున్నది 2022 జూన్‌లో. ఆ రెండు దశాబ్దాలూ అక్కడి జనం ఫెర్రీల మీదే దాటారు, వంతెన తెరుచుకోగానే ఆ దారిలో వాహనాలు ఫెర్రీని వదిలేశాయి. దీనినుంచి నేను తీసుకునేది రెండు ముక్కలు. వంతెన వస్తోంది కదా అని శిథిలమైన రేవును అలాగే వదిలేయడం నేరం. అలాగని వంతెన పనులు నిజంగా మొదలయ్యాక కాంక్రీటులో డబ్బు పాతిపెట్టడమూ దండగ. అప్పుడు పాంటూన్ కొనాలి. వంతెన వచ్చిన మర్నాడు దాన్ని ఇంకో రేవుకు లాక్కుపోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు.

ఎటు మొగ్గాలి?

ఒడ్డు నిలకడ, తేడా తక్కువ: వాలు కట్టండి, మిగిలిన డబ్బు పంటు తలుపు పొడిగించడానికి వాడండి. ఒడ్డు నిలకడే గానీ తేడా ఎక్కువ, మార్పు నెమ్మది: ఎగువ, దిగువ మట్టాలకు రెండు వేర్వేరు వాలు రేవులు కట్టి కాలాన్ని బట్టి మారడం, ఒకే ఒక పెద్ద కీలు వంతెన కంటే చాలాచోట్ల చవక. ఒకటి మూతపడినా రెండోది కొన్ని నెలలు ఆదుకుంటుంది. ఒడ్డు కదిలితే పాంటూన్ తప్ప వేరే మాటే లేదు, దానితోపాటు మరమ్మతు నిధి ముందే పక్కన పెట్టాలి. పోటుపాట్లు ఎక్కువ, ఊరు పెద్దది, రోజంతా రద్దీ: ఎత్తే వంతెనో, పైళ్ల మధ్య పాంటూనో. ఈ రెండింటి మధ్య నేను పాంటూన్ వైపే ఉంటాను. కరెంటు పోయినా అది నీటితో పాటు కదులుతూనే ఉంటుంది.

బళ్ల లెక్క ఇప్పుడు వస్తుంది, అదీ సంఖ్య రూపంలో కాదు. దాటే వాటిలో అతి బరువైనది ఏది, అతి పొడవైనది ఏది? ఫైరింజను, అంబులెన్సు తప్పక దాటాలా? రేవు సామర్థ్యాన్ని వీటితో కొలవాలి. క్యూ పొడవును తగ్గించేది చాలాసార్లు రేవు వెడల్పు కాదు, ఒడ్డున బళ్లు ఆగే స్థలమూ, దిగే బండికీ ఎక్కే బండికీ వేరు దారులూ.

నడిచేవాళ్లను కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. 2024 అక్టోబరు 19న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, సాపెలో దీవి ఫెర్రీ రేవులో జనం నిలబడి ఉండగా నడక వంతెన కూలి ఏడుగురు చనిపోయారు. అది పాతబడిన వంతెనేమీ కాదు, 2021లో పెట్టింది. కిక్కిరిసిన జనం బరువు చదరపు మీటరుకు 400 కిలోలు దాటగలదు. వేడుకనాడు వాలు వంతెన మీద లారీ ఒక్కటీ లేకపోయినా లోడు గట్టిదే. నడకదారి వేరుగా ఉండాలి, దాని లోడు లెక్క వేరుగా రావాలి.

అలాగే కొత్త రేవుకు పాత పంటును తగిలించి ఊరుకోకండి. 2021 అక్టోబరు 27న పాటూరియా రేవుకు చేరి బళ్లు దింపుతుండగానే షా అమానత్ అనే పెద్ద ఫెర్రీ లారీలతో సహా పక్కకు ఒరిగిపోయింది. ఎక్కించే, దించే సమయంలోనే పంటు నిలకడకు అసలు పరీక్ష. రేవు డిజైనర్ చేతికి పంటు డ్రాయింగులు ఇవ్వకుండా రేవు గీయించడమంటే సగం పని చీకట్లో చేయించడమే.

పని నడుస్తుండగా

పాత రేవును పగలగొట్టి అదే చోట కొత్తది కట్టాలన్న ఆలోచన వీలైతే మానుకోండి. కొద్దిగా దిగువనో ఎగువనో కట్టి, కొత్తది నిలదొక్కుకున్నాక పాతదాన్ని తీసేస్తే సర్వీసు ఆగదు, పైగా పాతది కొన్నాళ్లు అత్యవసరానికి పనికొస్తుంది. దిగువన కడితే పాత రేవు శిథిలాలు ప్రవాహాన్ని మళ్లించి కొత్తదాని పాదాన్ని తోడేయకుండా చూసుకోవాలి. పాత పైళ్లను నేలమట్టానికి కోసి వదిలేయడం చౌకే గానీ, నీరు తగ్గిన ఏడాది ఏదో ఒక పంటు అడుగు వాటికి తగులుతుంది. పూర్తిగా పీకించే ఖర్చు టెండరులోనే చేర్చండి.

ప్రారంభోత్సవం ఎప్పుడైనా చేసుకోవచ్చు. లోడు పరీక్ష మాత్రం రెండుసార్లు జరగాలి: నీరు బాగా ఉన్నప్పుడు ఒకటి, నీరు అడుగంటినప్పుడు ఒకటి. అతి బరువైన బండిని వంతెన మధ్యలో, తర్వాత పాంటూన్ అంచున నిలిపి, కీళ్లూ అతుకులూ చూసి, గదుల మూతలు తీసి లోపల చెమ్మ ఉందేమో తడిమి చూడాలి. ఆ రెండో పరీక్ష ముగిసేదాకా కాంట్రాక్టరు చివరి బిల్లు మీ దగ్గరే ఉంచుకోండి.